వెనిస్‌కు పోయిన సింహం

"ఇవాళ మధ్యాహ్నం డేలోస్‌లో ఒక మనిషి చచ్చిపోతాడు," అంది మేడం రల్లి. "నువ్వు ఆపకపోతే."

గ్రీకు దీవి మికొనోస్ రేవులో ఒక చేపల పడవ. దాని అడుగు గదిలో గూఢచారి సర్వీసు చీఫ్ ఎవాంథియా రల్లి, ఎదురుగా ఏజెంట్ స్ట్రాటిస్ గలానోస్. టైం ఉదయం ఆరున్నర. పైన వలలు బాగుచేస్తున్న ఇద్దరూ జాలర్లు కారు. వాళ్ల వేళ్ల పనితనం చూస్తే ఏ చేపకైనా ఆ సంగతి తెలిసిపోతుంది.

"ఎవరా మనిషి?"

"లౌరిట్స్ హెమ్. డెన్మార్క్ వాడు. పదేళ్లుగా బోరియాస్ ముఠాకి వైర్‌లెస్ ఆపరేటర్. మన రేవుల్లో దాక్కున్న వాళ్ల మనుషులు పదిహేడు మంది. ఆ పేర్లన్నీ ఫిల్ముకెక్కించి, టోపీ పట్టీలో కుట్టుకుని మన వైపు వచ్చేస్తున్నాడు. టూరిస్టు వేషంలో, పదకొండు గంటల పడవలో."

"చంపేదెవరు?"

"ఒక ఆడమనిషి. విదేశీ పాస్‌పోర్టు. అదే పడవ, అదే గుంపు. ఆమె పని చేస్తుందో లేదో చూడటానికి పక్కనే ఒకడు ఉంటాడు."

"ఫోటో?"

మేడం రల్లి సిగరెట్ వెలిగించింది. "లేదు."

ఇరవై రెండేళ్లు ఆమె కింద పనిచేసిన స్ట్రాటిస్‌కి ఒక సంగతి తెలుసు. అబద్ధం చెప్పే ముందు ఆమె సిగరెట్ వెలిగిస్తుంది. నిజం చెప్పే ముందు కూడా వెలిగిస్తుంది. అందుకే ఆమె చీఫ్ అయింది, అతను ఇంకా పడవల్లో తిరుగుతున్నాడు.

"ఒక్క షరతు. ఆ మనిషిని పట్టుకోకూడదు. హెమ్ బతకాలి, ఆమె వచ్చిన దారినే క్షేమంగా వెళ్లిపోవాలి. జరిగింది ఖర్మ కాలి జరిగినట్టు ఉండాలి, ఎవరో జరిపించినట్టు కాదు."

"హంతకురాలు క్షేమంగా వెళ్లాలా?"

"ఆమె వెనక ఉన్నవాళ్లు కావాలి నాకు. సరేనా? ఇదిగో నీ వేషం."

శిథిలాల కాపలాదారు యూనిఫారం. టోపీలో కుట్టిన చిన్న ఇయర్‌ఫోన్. మెడలో వేసుకునే విజిల్, దాని కడుపులో మైకు. మాట్లాడాలంటే విజిల్ నోటి దగ్గర పెట్టుకోవాలి. పొరపాటున ఊదితే మాత్రం మేడం రల్లి చెవి గల్లంతే.

"గుర్తు మాట?"

"హెమ్ అడుగుతాడు, 'పోయిన సింహం ఎక్కడ?' అని. నువ్వు 'వెనిస్‌లో కాపలా కాస్తోంది' అనాలి."

పక్క దీవి డేలోస్‌లో, శిథిలాల మధ్య పాలరాతి సింహాల వరుస ఉంది. అందులో ఒకదాన్ని మూడు వందల ఏళ్ల కిందట వెనిస్ వాళ్లు ఎత్తుకుపోయి తమ నౌకాశ్రయం గుమ్మంలో నిలబెట్టుకున్నారు. ఆ సంగతి ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

స్ట్రాటిస్ లేచాడు. "మేడం, ఇవాళ జూలై ఇరవై రెండు. నేను సెలవు అడిగాను."

"తెలుసు." ఆమె పొగ అవతలికి వదిలింది. "ఈ ఏడు గోధుమలు ఉడికించావా?"

"మార్చిలోనే. చక్కెర ఎక్కువైందన్నాడు ఫాదర్."

ఆమె మొహం తిప్పుకుని కిటికీలోంచి రేవు వైపు చూసింది.

జూలై ఇరవై రెండు మార్కెల్లాల పేరు పండుగ. పుట్టినరోజు మర్చిపోయినా పర్వాలేదు గానీ, ఆ పేరున్న పుణ్యాత్మురాలి రోజున ఇంటి తలుపులు తీసిపెట్టి, వచ్చినవాళ్లకల్లా తీపి పెట్టి, "నిండు నూరేళ్లు బతుకు" అనిపించుకోకపోతే ఆ ఏడు గడిచినట్టే కాదు. స్ట్రాటిస్ భార్య పేరు మార్కెల్లా. కియోస్ దీవి పిల్ల. ఆమె కూడా సర్వీసు మనిషే. ఆరేళ్ల కిందట మార్చి నెలలో కియోస్ ఒడ్డుకి దగ్గరలోనే ఆమె ఎక్కిన లాంచీ తగలబడిపోయింది. శవం దొరకలేదు. అప్పటినుంచి ఏటా మార్చిలో అతను స్వయంగా గోధుమలు ఉడికించి, చక్కెరా దానిమ్మ గింజలూ కలిపి, చర్చికి మోసుకెళ్లి తద్దినం పెడుతున్నాడు. అదొక్కటే అతనికి వచ్చిన వంట.

*

డేలోస్‌లో నీడంటూ ఉంటే అది మ్యూజియం పక్కన కట్టిన గుడ్డ పందిరి ఒక్కటే. మిగతాదంతా ఎండ, గాలి, విరిగిన రాళ్లు, బల్లులు. మ్యూజియం ఊడ్చే అసిమీనమ్మ ఆ పందిరి కింద బల్ల వేసి, ఆరు గాజు గ్లాసులు, ఆరు చెంచాలు, ఒక పెద్ద తెల్లటి సీసా పెట్టుకుని కూర్చుంది.

"కొత్త అబ్బాయ్, ఇలా రా. నోరు తెరు."

"వద్దమ్మా. డ్యూటీలో ఉన్నాను."

"డ్యూటీ ఎక్కడికి పోతుంది? రెండున్నర వేల ఏళ్లుగా పడి ఉన్న రాళ్లు ఇవాళే లేచి పారిపోతాయా? మా మనవరాలి పేరు పండుగ నాయనా. మార్కెల్లా. ఏథెన్స్‌లో ఉంది. అది అక్కడుంటే మాత్రం నేను ఇక్కడ తీపి పెట్టకుండా ఉంటానా?"

స్ట్రాటిస్ విజిల్ సర్దుకున్నాడు. "నిండు నూరేళ్లు బతకాలి" అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. నోరు పెగల్లేదు.

"సరేలే, సిగ్గేస్తోంది కాబోలు," అంది అసిమీనమ్మ. "ఒక సంగతి గుర్తుపెట్టుకో. మూడింటి పడవ దాటాక ఈ దీవిలో పైవాళ్లెవరూ ఉండకూడదు. చావకూడదు, కనకూడదు. పూర్వం రోగం ముదిరితే చాలు, పడవెక్కించి ఎదుటి దీవికి తోలేసేవాళ్లట. నాకు మోకాళ్లు నొప్పి అన్నప్పుడల్లా మా ఆయన పడవ వంక చూస్తాడు!"

మా ఆయన అనబడే పెద్ద కాపలాదారు కొండ మీద గొడుగు కింద కునుకు తీస్తున్నాడు. ఆయన విజిల్ మాత్రం నోట్లోనే ఉంది.

పడవ వచ్చింది. గుంపులో పాతికమంది. స్ట్రాటిస్ గంటసేపు వాళ్ల వెనకే తిరిగాడు. ఎర్ర పట్టీ గడ్డి టోపీతో, చెమటలు కక్కుతూ, ప్రతి రాయికీ దణ్ణం పెట్టేలా వంగి వంగి చూస్తున్నవాడు హెమ్. వాడికి నాలుగడుగుల దూరంలో మెడలో కెమెరా వేసుకున్న పొడుగాటివాడు. గుంపు వాణ్ణి మిస్టర్ బ్లేక్ అంటోంది. వాడు సింహాల ఫోటోలు తీయడం లేదు, మనుషుల్ని చూస్తున్నాడు.

ఆడవాళ్లు పదకొండు మంది. ఎవరు? పాదాలు బొబ్బలెక్కిన టీచరమ్మలా? మొగుడి చెయ్యి వదలని కొత్త పెళ్లికూతురా? ఆకుపచ్చ టోపీ, నల్ల కళ్లద్దాలు, రాగి రంగు జుట్టు, వేలికి పచ్చరాయి ఉంగరం ఉన్న ఆ అందగత్తెనా? బ్యాడ్జీ మీద వేలరీ థార్న్ అని ఉంది. ఆమె కాపలాదారు వంక పొరపాటున కూడా చూడలేదు. అందంగా ఉన్నదే హంతకురాలు అనుకోవడం కుర్ర ఏజెంట్లు చేసే పని అని స్ట్రాటిస్ తనకి తాను చెప్పుకున్నాడు.

ఒంటిగంట. ఎండకి గుంపు చెల్లాచెదురైంది. సగం మంది పందిరి కిందికి వచ్చిపడ్డారు.

"రండి, రండి! మా మార్కెల్లా పండుగ!" అంటూ అసిమీనమ్మ అందరికీ చేతులతో చెబుతోంది. కియోస్‌లో చెట్టుబంకతో చేసే తెల్లటి తీపి ముద్ద చెంచాకి పట్టించి, చల్లటి నీళ్ల గ్లాసులో ముంచి ఇస్తోంది. దాన్ని సబ్‌మెరైన్ అంటారు, నీళ్లలో మునిగి ఉంటుంది గనక. ఏజెంట్లు ఆ పేరు విని ఎన్నడూ నవ్వరు.

పైదేశం వాళ్లకి దాన్ని ఏం చేయాలో ఎప్పటికీ తెలియదు. బ్లేక్ టీలో చక్కెరలా గిరగిరా కలిపి, పాలలా తెల్లబడ్డ నీళ్లు తాగి మొహం చిట్లించాడు. పెళ్లికూతురు ఒక్కసారే కొరికి, పళ్లు అతుక్కుపోయి, మొగుడి వీపు బాదింది. హెమ్ గ్లాసు పట్టుకుని, కూర్చోడానికి ఒక పాలరాతి దిమ్మె చూసుకున్నాడు. వేలరీ థార్న్ వెళ్లి పక్కనే కూర్చుంది.

ఆమె చెంచా పైకి తీసింది. కొంచెం చప్పరించింది. మళ్లీ నీళ్లలో ముంచింది. చెంచాని ఒక్క చుట్టు తిప్పి, గ్లాసు అంచుకి ఆనించి, మళ్లీ తీసింది.

స్ట్రాటిస్ అడుగు ఆగిపోయింది. ఆ తీపిని అలా తినాలని ఏ గైడు పుస్తకంలోనూ రాసి ఉండదు. అది అమ్మమ్మ ఒళ్లో నేర్చుకునేది. ఈమె గ్రీకు మనిషి. దొరికిపోయింది!

ఆమె మళ్లీ ముంచింది. మళ్లీ. మళ్లీ. తీపి ఎక్కువైందన్నట్టు మూతి కొద్దిగా ఎడమ పక్కకి వంకర పెట్టి, నీళ్లలో కరగనిచ్చి, అప్పుడు నాలుక్కి తగిలించింది. ముద్దలో చివరి చిటికెడు తినకుండా గ్లాసులోనే వదిలేసి, ఆ నీళ్లు గుటకలు గుటకలుగా తాగింది.

పదకొండేళ్ల కాపురంలో స్ట్రాటిస్ ఆ తతంగం కొన్ని వందల సార్లు చూశాడు. "తింటున్నావా, బట్టలు ఉతుకుతున్నావా?" అని ఏడిపించేవాడు. "మీ వాళ్లు తీపి కాదు, పాకం గుండ్లు తింటారు, నాకు గిట్టదు" అనేది ఆమె.

గడ్డం వేరు. ముక్కు వేరు. జుట్టు వేరు. మూతి మాత్రం అదే.

అతను ఒక స్తంభం వెనక్కి వెళ్లి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. బతికి ఉందన్న సంతోషం రావడానికి ముందే, ఎందుకు వచ్చిందో గుర్తొచ్చింది. విజిల్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"మేడం."

"చెప్పు."

"మార్కెల్లా."

ఇయర్‌ఫోన్‌లో గాలి చప్పుడు. తర్వాత లైటర్ క్లిక్‌మంది.

"మీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు. ఆ లాంచీ తగలబెట్టించింది నేనే. ఆమె ఒప్పుకునే, మనల్ని వదిలేసినట్టు నటిస్తూ వాళ్లలో చేరింది. బోరియాస్ లోపల మనకి ఉన్న ఒకే ఒక్క మనిషి ఆమె."

"ఆరేళ్లు మేడం! బతికున్న మనిషికి తద్దినాలు పెట్టాను! ఈ చేతుల్తో!"

"మొదటి మూడేళ్లు చర్చిలో చివరి వరుసలో వాళ్ల మనిషి కూర్చునేవాడు. నీ ఏడుపు చూసే వాళ్లు, ఆమె బతికున్నట్టు నీకు తెలియదని, నీ దగ్గరికి తిరిగిపోదని నమ్మారు. నటించమంటే నువ్వు అలా ఏడవలేవు, స్ట్రాటిస్. నన్ను తర్వాత తిట్టు, ముందు విను. విషం ఆ ఉంగరంలో ఉంది. ఆమె గ్లాసులో వేయక తప్పదు. వేయకపోతే బ్లేక్ చేతిలో ఆమె పోతుంది. వేశాక హెమ్ తాగితే హెమ్ పోతాడు. నువ్వు ఆమెని పట్టుకున్నా, ఒక్క చూపు తేడాగా చూసినా ఇద్దరూ పోతారు. బ్లేక్ చూపులు చదివేవాడు. అందుకే నీకు ముందు చెప్పలేదు."

స్ట్రాటిస్ కళ్లు తుడుచుకున్నాడు. ఎండలో కాపలాదారు మొహం తుడుచుకోవడం ఎవరికీ వింత కాదు.

స్తంభం పక్కనుంచి తొంగిచూశాడు. వేలరీ థార్న్ నవ్వుతూ హెమ్‌కి దూరంగా ఉన్న కొండ చూపిస్తోంది. హెమ్ అటు తిరిగాడు. ఆమె ఎడమచెయ్యి అతని గ్లాసు మీదుగా తేలిగ్గా పోయింది. పచ్చరాయి తెరుచుకుంది, మూసుకుంది. బ్లేక్ తృప్తిగా కెమెరా మూత పెట్టుకున్నాడు.

హెమ్ ఇటు తిరిగి, దాహంగా గ్లాసు ఎత్తాడు. పెదాలకి జానెడు దూరం.

స్ట్రాటిస్ ఊపిరంతా పోసి విజిల్ ఊదాడు.

ఆ చప్పుడుకి దీవిలో బల్లులన్నీ రాళ్లలోకి దూరాయి. ఈలోగా మ్యూజియం వెనక ఒడ్డుకి చేరిన చేపల పడవలో మేడం రల్లి ఇయర్‌ఫోన్ విసిరికొట్టింది. కొండ మీద పెద్ద కాపలాదారు నిద్రలోనే, కారణం తెలియకపోయినా, తనూ గట్టిగా ఊదాడు.

"ఏయ్! లే! లేవయ్యా!" స్ట్రాటిస్ చేతులు ఊపుతూ దూసుకొచ్చాడు. "ఏమనుకున్నావు దాన్ని? మీ ఇంటి అరుగా? రెండున్నర వేల ఏళ్ల పాలరాయి అది! దాని మీద కూర్చుని సర్బత్తులు తాగుతావా? బోర్డు కనపడలేదా? కళ్లు టోపీలో పెట్టుకున్నావా?"

హెమ్ జబ్బ పట్టి ఒక్క లాగు లాగాడు. గ్లాసు గాల్లో ఒక పల్టీ కొట్టి, రాయి మీద పడి భళ్లుమంది. స్ట్రాటిస్ తిడుతూనే బూటుతో ఆ తడి మీదికి మట్టి తోశాడు, పిల్లులు నాకకుండా.

"నా గ్లాసు!" అసిమీనమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఓరి నీ చేతులు పడిపోనూ! పండుగ పూట! అది నా పెళ్లినాటి గ్లాసురా!"

"మీ పెళ్లికి ముందునుంచీ ఉందమ్మా ఈ రాయి!"

గుంపులో నవ్వులు. బ్లేక్ దవడ బిగిసింది. కానీ వాడికి కోపం వచ్చింది తప్ప అనుమానం రాలేదు. పడవ దిగినప్పటినుంచి వాణ్ణి కూడా రెండుసార్లు అలాగే రాళ్ల మీదినుంచి లేపారు. హెమ్ మొహం పాలిపోయి, కాళ్లు వణుకుతున్నాయి.

"ఇదిగో, ఎండదెబ్బ!" అని అరిచాడు స్ట్రాటిస్. "చెబితే వినరు! పద, లోపల పడుకో!"

మ్యూజియం చీకట్లోకి ఈడ్చుకెళుతుంటే హెమ్ గుసగుసగా అన్నాడు. "పోయిన... పోయిన సింహం ఎక్కడ?"

"వెనిస్‌లో కాపలా కాస్తోంది. వెనక తలుపు, మెట్ల కింద చేపల పడవ. టోపీ జాగ్రత్త. పరుగెత్తు."

అతను తలుపు మూసి బయటికి వచ్చేసరికి వేలరీ థార్న్ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక బ్లేక్.

"మీ మీద కంప్లెయింట్ రాస్తాను," అంది ఇంగ్లీషులో. మొహంలాగే గొంతు కూడా మార్చుకుంది. "ఆ పెద్దమనిషి ఎలా ఉన్నాడు?"

"పడుకున్నాడు. డాక్టరు వస్తున్నాడు. లోపలికి ఎవరూ రాకూడదు."

"మర్యాద తెలియని మనిషివి." ఆమె చేతిలోని గైడు పుస్తకం తిరగేసింది. పేజీ వంక చూడలేదు. "ఇందులో రాశారు, ఒక సింహం వెనిస్‌కు పోయిందని. అది ఎప్పటికైనా ఇంటికి వస్తుందా?"

బ్లేక్ ఊపిరి ఆమె భుజం వెనకే ఉంది. నల్లద్దాల వెనక ఆమె కళ్లు అతనికి కనపడలేదు. చెయ్యి చాపితే అందేంత దూరం. ఆరేళ్ల నాలుగు నెలల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి ముట్టుకుంటే చాలనిపించింది. ఆ చెయ్యి విజిల్‌ని గట్టిగా పట్టుకుంది.

"నాకేం తెలుసు మేడం? నేను కాపలావాణ్ణి." విసుగు మొహం పెట్టాడు. "దాని దిమ్మె మాత్రం ఖాళీగానే ఉంచాం. ఇంకో సింహాన్ని పెట్టలేదు."

ఆమె పుస్తకం మూసింది. మూసేటప్పుడు వేలు పేజీల మధ్య ఉండిపోయింది. ఒక క్షణం దాన్ని తీసుకోవడం కూడా మర్చిపోయినట్టు నిలబడింది.

"పద," అన్నాడు బ్లేక్.

*

మూడు గంటల పడవ. కాపలాదారు రేవులో నిలబడి తలలు లెక్కపెట్టాలి, అది పద్ధతి. ఇరవై నాలుగు. ఎండదెబ్బ తిన్నవాణ్ణి డాక్టరు పడవలో పంపుతామని స్ట్రాటిస్ అందరికీ వినపడేలా చెప్పాడు. బ్లేక్ గొణుగుతూ ఎక్కాడు. ఆమె చివర్లో ఉంది.

అసిమీనమ్మ ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని రేవు గట్టు మీద అలిగి కూర్చుంది. స్ట్రాటిస్ ఆమె వైపు తిరిగి, గాలిని మించి అరిచాడు.

"అసిమీనమ్మా! మీ మార్కెల్లా నిండు నూరేళ్లు బతకాలి!"

ఆకుపచ్చ టోపీ ఒక్క క్షణం పడవ మెట్టు మీద ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఇప్పుడా చెప్పేది?" అంది అసిమీనమ్మ. "పొద్దున నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"పొద్దున తెలియదమ్మా."

పడవ తాడు విప్పారు. ఆమె లోపలికి వెళ్లి అవతలి వైపు, సముద్రానికి మొహం పెట్టుకుని కూర్చుంది. పడవ మలుపు తిరిగేదాకా స్ట్రాటిస్‌కి ఆమె వీపే కనపడింది. ఏడుస్తోందో లేదో వీపుని బట్టి చెప్పలేకపోయాడు. అతను మాత్రం ఏడ్చాడు. ఈసారి చివరి వరుసలో కూర్చుని చూసేవాడెవడూ లేడు గనక, ఎవరికోసమూ కాదు.

నాలుగింటికి చేపల పడవలో మేడం రల్లి ఒక చెవిలో దూది పెట్టుకుని కూర్చుని ఉంది. పక్క గదిలో హెమ్ గురకపెట్టి నిద్రపోతున్నాడు. బల్ల మీద టోపీ పట్టీ, ఫిల్ము.

"ఒక్కటి అడుగుతాను మేడం," అన్నాడు స్ట్రాటిస్. "ఆరేళ్లు ఒక్క తప్పు చేయని మనిషి ఇవాళ అందరి ముందూ ఆ చెంచాని అలా ముంచిందేం?"

"బ్లేక్‌కి అది తప్పని తెలియదు. నీకు తెలుస్తుంది." మేడం రల్లి సిగరెట్ తీసింది, వెలిగించలేదు. "'నన్నే పంపుతున్నారు, ఎవరినైనా పంపి ఆపండి' అని కబురు చేసింది. ఎవరిని పంపమంటావు అన్నాను. నీ పేరు చెప్పింది. ఆ రోజు ఇరవై రెండు కదా అంది."

స్ట్రాటిస్ విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు, విప్పుకున్నాడు.

"ఎప్పుడు వస్తుంది?"

"తెలియదు. రెండేళ్లు. ఐదేళ్లు. అప్పటిదాకా ఆమె పోయినట్టే. మార్చిలో నువ్వు మళ్లీ గోధుమలు ఉడికించాలి. ఫాదర్ దగ్గరికి పట్టుకెళ్లాలి. ఏడవాలి. చేయగలవా?"

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"చేస్తాను మేడం. ఈసారి చక్కెర తగ్గించి వేస్తాను. ఆమెకి తీపి ఎక్కువైతే గిట్టదు."